టైరు పంపే కబురు

ఒరే నాన్నా, స్టీరింగ్ కొనిపెట్టమని నువ్వడగడమూ, ఉన్న గేమ్‌ప్యాడ్ చాలదా అని మీ అమ్మ అనడమూ రెండూ విన్నాను. ఇద్దరి మాటలోనూ సబబుంది. కానీ ఇద్దరూ ధర దగ్గరే ఆగిపోయారు. ఆ రెండు వస్తువులూ చేసే పనులు వేరు. ఆ తేడా తెలిస్తే ఎవరికి ఏది కావాలో మీకే తేలిపోతుంది. ఇలా వచ్చి కూర్చో. మీ అక్కనీ పిలువు. అమ్మలూ, నువ్వూ రా, ఆ గేమ్‌ప్యాడ్ కూడా పట్టుకు రా.

దాని మీద ఎడమ బొటనవేలి కింద స్టిక్కు ఉంది చూడండి. నడిమి నుంచి ఒక పక్కకి పూర్తిగా వంచితే వేలు ఎంత దూరం జరిగింది? మహా అయితే సెంటీమీటరు. ఇప్పుడు స్టీరింగ్ సంగతి చూద్దాం. మొదటిసారి కొనేవాళ్ళు ఎక్కువగా అడిగేవాటిలో లాజిటెక్ జీ29 ఒకటి, 2015లో వచ్చింది. ఆ చివరి నుంచి ఈ చివరికి 900 డిగ్రీలు తిరుగుతుంది, అంటే రెండున్నర చుట్లు. నడిమి నుంచి ఒక పక్కకి ఒకటింపావు చుట్టు. చక్రాన్ని అడ్డంగా కొలిస్తే దాదాపు 28 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని పైతో గుణిస్తే అంచు పొడవు 88 సెంటీమీటర్లు. దానికి ఒకటింపావు రెట్లు కడితే 110.

అంటే ముందు టైర్లు తిన్నగా ఉన్న చోటి నుంచి ఒక పక్కకి పూర్తిగా తిరగాలంటే స్టీరింగ్ మీద చెయ్యి మీటరు పైన ప్రయాణం చేస్తుంది. గేమ్‌ప్యాడ్ మీద వేలు అదే పనిని సెంటీమీటరులో ముగిస్తుంది. వేలు ఒక్క మిల్లీమీటరు తడబడితే అక్కడ చెయ్యి 11 సెంటీమీటర్లు తడబడినట్టు లెక్క.

నిజం కారులో స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య గేర్లు పెట్టింది కూడా ఈ నాజూకు కోసమే. మామూలు కారులో ఆ నిష్పత్తి 15కి 1కి అటూ ఇటూగా ఉంటుంది. నువ్వు 450 డిగ్రీలు తిప్పితే టైరు 30 డిగ్రీలు తిరుగుతుంది. నాజూకుతో పాటు బలమూ కలిసొస్తుంది. పవర్ స్టీరింగ్ లేని రోజుల్లో మన ఆర్టీసీ బస్సుకి అంత పెద్ద స్టీరింగ్ ఉండేది ఎందుకనుకున్నారు? చేతి బలాన్ని ఇరుసు నుంచి ఉన్న దూరంతో గుణిస్తే వచ్చేదే తిప్పుడు బలం, టార్క్. దూరం పెరిగితే అదే చేతికి బలం పెరుగుతుంది. అయినా బస్టాండులో నిలిచిపోయిన బస్సుని తిప్పాలంటే డ్రైవరు సీట్లోంచి సగం లేచి భుజం బలమంతా పెట్టేవాడు.

మరి వందో వంతు చోటులో మీ అక్క అంత చక్కగా ఎలా నడుపుతోందంటావా? దాని వేలి నేర్పు సగం. మిగతా సగం ఆట లోపల రాసిన ప్రోగ్రాముది. నువ్వు స్టిక్కుని ఠక్కున పక్కకి కొట్టినా ఆటలో కారు చక్రాలు ఠక్కున తిరగవు. ప్రోగ్రాం వాటిని ఒక హద్దు వేగంతో, నెమ్మదిగా తిప్పుతుంది. బండి స్పీడు పెరిగేకొద్దీ చక్రాలు తిరగగల కోణాన్ని తగ్గించేస్తుంది. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో స్టిక్కు పూర్తిగా వంచితే చక్రాలు పూర్తిగా తిరుగుతాయి. 200లో అంతే వంచినా కొద్ది డిగ్రీలే తిరుగుతాయి. స్టిక్కు నడిమి దగ్గర స్పందనని మందగింపజేసి, అంచు దగ్గర చురుకు చేస్తుంది. కొన్ని ఆటల్లో ఇంకో అడుగు ముందుకేసి, ముందు టైరు పట్టు తప్పే కోణం దాకానే తిప్పి, ఆపైన నువ్వెంత వంచినా పట్టించుకోదు. అంటే గేమ్‌ప్యాడ్ పట్టుకున్నప్పుడు స్టీరింగ్ మీద నీతో పాటు ఇంకో చెయ్యి కూడా ఉంటుంది. అది అవమానమేమీ కాదు. చాలా తెలివైన ఇంజినీరింగు అది.

మొదట్లో ఇంటి ఆటల్లో ఈ సదుపాయమే లేదు. చిత్రమేమిటంటే, రేసింగ్ ఆటకి ముందు వచ్చింది స్టీరింగే. 1974లో అటారీ కంపెనీ గ్రాన్ ట్రాక్ 10 అనే ఆట పెట్టెని వీడియో గేమ్ ఆర్కేడ్‌లలో పెట్టింది. నిలబడి ఆడే పెట్టె, దానికి స్టీరింగు, కాలి పెడళ్ళు, గేరు కర్ర కూడా ఉండేవి. తెర మీద మాత్రం చుక్కలతో గీసిన దారి, అందులో వేలెడంత లేని కారు. తరవాత ఆటలు ఇళ్ళలోకి వచ్చాయి. అక్కడ పెద్ద స్టీరింగుకి చోటేది? ప్లస్ గుర్తు బటన్లే గతి. బటన్‌కి నొక్కడం, వదలడం రెండే తెలుసు, సగం తిప్పడం తెలియదు. పిల్లలు దానికో ఉపాయం కనిపెట్టారు, టకటకా కొట్టడం. సగం సేపు నొక్కి సగం సేపు వదిలితే సగం తిప్పినట్టు. ఎల్‌ఈడీ బల్బు కాంతిని తగ్గించడానికి ఇంజినీర్లు వాడే పల్స్ విడ్త్ మాడ్యులేషన్ సూత్రం సరిగ్గా ఇదే. ఎవరూ చెప్పకుండానే పిల్లల వేళ్ళకి అది వచ్చేసింది చూశావా! ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

1995లో జపాను కంపెనీ నామ్కో ప్లేస్టేషన్‌కి నెజ్‌కాన్ అనే గేమ్‌ప్యాడ్ తెచ్చింది. దాని నడుమ కీలు ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలి తిప్పితే ఎంత మెలి తిప్పామో కారు అంత తిరుగుతుంది. రేసింగ్ పిచ్చి ఉన్నవాళ్ళు దాన్ని చాలా ఏళ్ళు ప్రాణంలా దాచుకున్నారు. ఆ వెంటనే స్టిక్కులు, ఎంత నొక్కితే అంత అని తెలిసే ట్రిగ్గర్లు వచ్చి నెజ్‌కాన్ అవసరం తీరిపోయింది.

ఇక్కడిదాకా చెప్పిందంతా చేతి నుంచి బండికి పోయే కబురు. అసలు సంగతి బండి నుంచి చేతికి వచ్చే కబురులో ఉంది. స్టీరింగ్ కొనాలో వద్దో తేల్చేది కూడా అదే. కాస్త ఓపిగ్గా వినండి, ఇది టైరు కథ.

కారు టైరు రోడ్డుని తాకే చోటు ఎంత ఉంటుందో తెలుసా? సుమారు ఒక అరచెయ్యి. నాలుగు టైర్లకీ కలిపి నాలుగు అరచేతులు. అంత బండీ ఆ నాలుగు అరచేతుల మీదే నిలబడి, ఆగి, తిరుగుతుంది. మలుపు తిరిగేటప్పుడు ముందు టైరు చూసే దిక్కు ఒకటి, నిజంగా పోయే దిక్కు ఇంకొకటి. వాటి మధ్య కొద్ది డిగ్రీల తేడా ఉంటుంది. ఆ తేడా ఉండబట్టే రబ్బరు పక్కకి సాగుతుంది, సాగిన రబ్బరు వెనక్కి లాగడం వల్లే బండి మలుపులోకి తిరుగుతుంది.

ఇప్పుడు ఆ అరచెయ్యంత చోటునే దగ్గరగా చూద్దాం. తిరుగుతున్న టైరులోంచి కొత్త రబ్బరు ముందు అంచు దగ్గర రోడ్డు మీద కాలు పెడుతుంది. అప్పుడే వచ్చింది కాబట్టి అది ఇంకా సాగలేదు. వెనక అంచు వైపు జరిగేకొద్దీ పక్కకి మరింత సాగుతుంది. వెనక భాగమే ఎక్కువ సాగింది కాబట్టి పక్కకి లాగే బలం కూడా ఆ చోటుకి సరిగ్గా నడుమ కాకుండా, కొంచెం వెనకగా పనిచేస్తుంది. ఆ వెనకబాటు కొద్ది సెంటీమీటర్లే. కానీ బలం, దూరం ఉన్నాయంటే టార్క్ ఉన్నట్టేగా? ఆ టార్క్ టైరుని మళ్ళీ తిన్నగా చెయ్యాలని చూస్తుంది. మలుపు తిరిగాక మీ నాన్న స్టీరింగ్‌ని కాస్త వదులుగా పట్టుకుంటే అదే చేతుల్లోంచి జారుతూ తిన్నగా వచ్చేస్తుంది, గమనించావా? అందులో ముందు చక్రాల ఇరుసు వాలుకి కొంత పాత్ర ఉంది, ఈ రబ్బరు సాగుడుకి కొంత.

ఇంకొంచెం ఎక్కువ తిప్పితే ఏమవుతుంది? ఎక్కువ సాగిన వెనక అంచు రబ్బరు ముందుగా పట్టు వదిలి జారడం మొదలుపెడుతుంది. ముందు భాగం ఇంకా పట్టుకునే ఉంది. దాంతో బలం పనిచేసే చోటు వెనక నుంచి నడుమకి జరుగుతుంది. దూరం తగ్గింది, అంటే టార్క్ తగ్గింది. చేతిలో స్టీరింగ్ తేలిక అయిపోతుంది. కానీ బండిని మలుపులోకి లాగే బలం మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంది! టైరుని బట్టి మారుతుంది గానీ, తేలిక అవడం మూడు నాలుగు డిగ్రీల దగ్గర మొదలైతే, అసలు పట్టు గరిష్ఠానికి చేరేది ఏడెనిమిది డిగ్రీల దగ్గర. అంటే పట్టు పోకముందే, పోబోతోందని టైరు నీ చేతికి ముందుగా కబురు పంపుతోందన్నమాట. ఎవరో కావాలని పెట్టిన ఏర్పాటు కాదిది. రబ్బరు, రోడ్డు కలిసి వాటంతట అవే చేసే పని. నాకు తెలిసిన భౌతికశాస్త్రంలో ఇంత అందమైన సంగతులు కొన్నే ఉన్నాయి.

సంక్రాంతికి గాలిపటం ఎగరేసినప్పుడు మీ వేలికి తెలిసేది ఇలాంటిదే. పటం వాలకముందే దారం వదులవుతుంది. కన్ను పటాన్ని చూసి, అయ్యో అనుకునేలోపే వేలు దారాన్ని లాగేస్తుంది.

కన్ను కంటే వేలు ముందుండటానికి కారణం ఉంది. తెర మీద ఒక మార్పు చూసి చెయ్యి కదపడానికి మనిషికి సెకనులో అయిదో వంతో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. స్పర్శ అయితే దాదాపు 0.15 సెకన్లు. ఇక చేతిలో కండరం ఉన్నట్టుండి సాగితే, కబురు మెదడు దాకా పోయేలోపే వెన్నుపాము దగ్గర నుంచే మొదటి స్పందన వచ్చేస్తుంది, అదీ సెకనులో ఇరవయ్యో వంతులో. గంటకి 180 కిలోమీటర్లు అంటే సెకనుకి 50 మీటర్లు. కంటితో తెలుసుకునేవాడు స్పందించేలోపు బండి 10 మీటర్లు పోతుంది. చేతితో తెలుసుకునేవాడికి ఏడెనిమిది మీటర్లే. మలుపులో ఆ తేడాయే రోడ్డుకీ మట్టికీ ఉన్న తేడా.

నిజం కారులో నడుము కింద సీటు కూడా కబుర్లు చెబుతుంది. వెనక టైర్లు జారడం మొదలవగానే ఒంటికి తెలిసిపోతుంది, చెవి లోపలి సమతూకపు గొట్టాలకీ తెలుస్తుంది. ఇంట్లో కుర్చీ కదలదు. అందుకే ఆటలో ఆ భారమంతా కన్ను మీదా, చేతి మీదా పడింది. మంచి సిమ్యులేటర్ ఆటలు సెకనుకి కొన్ని వందల సార్లు టైరు లెక్కలు కట్టి, ఇందాక చెప్పిన ఆ టార్క్‌ని స్టీరింగ్‌లోని మోటారుకి పంపుతాయి. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటే అదే. బండి వెనక భాగం జారినప్పుడు ముందు చక్రాలు వాటంతట అవే జారే వైపుకి తిరగాలని చూస్తాయి కదా, మోటారు కూడా స్టీరింగ్‌ని అటే తిప్పుతుంది. నువ్వు దాన్ని బిగబట్టకుండా చేతుల్లోంచి కాస్త పోనిచ్చి, సమయానికి పట్టుకుంటే చాలు. బండి నిలబడుతుంది.

ఈ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ కూడా పాతదే. 1976లో సెగా కంపెనీ మోటారు సైకిలు ఆట ఒకదానిలో ఢీకొట్టగానే హ్యాండిల్ వణికేలా చేసింది. 1989లో అటారీ హార్డ్ డ్రైవిన్ అనే ఆటలో నిజంగా చేతికి ఎదురు తిరిగే స్టీరింగు, క్లచ్ పెట్టింది. బండి స్టార్ట్ చెయ్యడానికి తాళంచెవి కూడా ఉండేది!

మరి గేమ్‌ప్యాడ్ కూడా వణుకుతుందిగా అంటున్నావా? మంచి ప్రశ్న అమ్మలూ. దాని పిడుల్లో రెండు చిన్న మోటార్లు ఉంటాయి, ఇరుసుకి ఒక పక్కగా బరువు తగిలించి. తిరిగేటప్పుడు ఆ బరువు వల్ల ఊగుతాయి. ఏదో జరిగిందని అవి చెప్పగలవు. గులకరాళ్ళ మీదికి ఎక్కావని, గోడకి తగిలావని తెలుస్తుంది. కానీ ఎటు వైపు, ఎంత అన్నది చెప్పలేవు. స్టిక్కు కింది స్ప్రింగు ఎప్పుడూ ఒకే బిగువుతో నడిమికి లాగుతుంది. రోడ్డు పొడిగా ఉన్నా, వానలో తడిసినా దానికి ఒకటే. 2020లో ప్లేస్టేషన్ 5తో వచ్చిన డ్యూయల్‌సెన్స్ గేమ్‌ప్యాడ్ కొంత మెరుగు. దాని ట్రిగ్గర్ల లోపల చిన్న మోటార్లు ఉండి వేలిని ఎదురు తోస్తాయి. గ్రాన్ టురిస్మో 7లో బ్రేకు గట్టిగా పట్టినప్పుడు వేలికి ఆ గట్టిదనం తెలుస్తుంది. స్టీరింగ్ కబురు మాత్రం అందులోనూ బొటనవేలికి రాదు.

అంచేత నా లెక్క ఇది. నీ ఆటలో టైరు ఉందా లేదా అన్నది ముందు చూడు. టైరు బొమ్మ గురించి కాదు నేనడిగేది, టైరు లెక్క గురించి. ఐరేసింగ్, అసెట్టో కోర్సా, డర్ట్ ర్యాలీ, గ్రాన్ టురిస్మో లాంటి ఆటల్లో టైరు మీద చాలా పనిచేశారు. వాటిలో స్టీరింగ్ నీకు ఇచ్చేది గొప్ప కబురు. అదే మారియో కార్ట్, నీడ్ ఫర్ స్పీడ్, ఫోన్లో ఆడే ఆస్ఫాల్ట్ లాంటివైతే అవి బొటనవేలికీ, ఫోను వంచడానికీ తగ్గట్టు అల్లిన ఆటలు. వాటికి పెద్ద స్టీరింగ్ బిగిస్తే ఆట పాడవుతుంది. ఈ మూల నుంచి ఆ మూలకి స్టిక్కు కొట్టడానికి రెప్పపాటు చాలు. అదే పని స్టీరింగ్‌తో చెయ్యాలంటే రెండు చేతులూ మార్చుకుంటూ తిప్పాలి. ఫోర్జా హొరైజన్ మధ్యస్తం. స్టీరింగ్‌తో నడుపుతుంటే హాయిగానే ఉంటుంది, కానీ పందెం గెలవాలంటే నీ కంటే గేమ్‌ప్యాడ్‌తో మీ అక్కే ముందుంటుంది. అందులో నీ తప్పేమీ ఉండదు. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 లాంటి లారీ ఆట ఇంకో దారి. అందులో పందెం లేదు, ప్రాణాంతక మలుపులూ లేవు. అయినా గంటల తరబడి నెమ్మదిగా తిప్పే ఆ ఆటకి 900 డిగ్రీల స్టీరింగ్ ఎంత బాగా అతుకుతుందో!

స్టీరింగ్ కొనగానే నీ ల్యాప్ టైము తగ్గిపోతుందని మాత్రం ఆశపడకు. మొదటి కొన్ని వారాలు పెరుగుతుంది. ఇన్నాళ్ళూ ప్రోగ్రాం చేసిన పనంతా ఇప్పుడు నువ్వే చెయ్యాలి. తరవాత వచ్చేది నిలకడ, ప్రతి చుట్టూ ఒకేలా రావడం. ఆ నిలకడ నిజం ట్రాకు మీదికి కూడా పనికొస్తుందని రుజువైంది. 2008లో నిస్సాన్, సోనీ కలిసి గ్రాన్ టురిస్మో ఆడేవాళ్ళలోంచి రేసర్లని ఎంచే జీటీ అకాడమీ పెట్టాయి. మొదటి విజేత స్పెయిన్ కుర్రాడు లూకాస్ ఓర్డోనెజ్ 2011లో లె మాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో రెండో స్థానంలో నిలిచాడు. 2023లో వచ్చిన గ్రాన్ టురిస్మో సినిమా ఆ తరవాతి విజేతల్లో ఒకడైన జాన్ మార్డెన్‌బరో కథ. ఇక మాక్స్ వెర్‌స్టాపెన్ సంగతి తెలుసుగా? 2024 మే నెలలో ఇమోలాలో ఫార్ములా వన్ రేసు వారాంతంలోనే ఐరేసింగ్‌లో నుర్బుర్గ్‌రింగ్ 24 గంటల పందెం కూడా ఆడాడు. ఆ పందెం వాళ్ళ జట్టే గెలిచింది, ఇమోలా రేసూ అతనే గెలిచాడు.

ఇప్పుడు ఏ స్టీరింగ్ అన్నది. చవక రకంలో మోటారుకీ చక్రానికీ మధ్య పళ్ళ గేర్లు ఉంటాయి, జీ29 అలాంటిదే. పళ్ళ మధ్య సందు ఉండక తప్పదు. మెకానిక్కులు దాన్ని ప్లే అంటారు. దిక్కు మారినప్పుడల్లా కటకటమంటుంది, సన్నని కబుర్లు ఆ సందులో పోతాయి. నడిమి రకంలో బెల్టు ఉంటుంది, మెత్తగా తిరుగుతుంది కానీ బెల్టు కొంత కబురుని మింగేస్తుంది. థ్రస్ట్‌మాస్టర్ టీ300 ఇలాంటిది. మూడో రకంలో మధ్యవర్తి లేడు, మోటారు ఇరుసుకే చక్రం బిగించేస్తారు. డైరెక్ట్ డ్రైవ్ అంటారు.

వాటి బలాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. జీ29 బలం రెండు న్యూటన్ మీటర్లకి కాస్త పైన. 14 సెంటీమీటర్ల దూరంలో అంచు మీద అది కిలోన్నర బరువు వేలాడదీసినంత. చిన్న డైరెక్ట్ డ్రైవ్‌లు, ఉదాహరణకి ఫానటెక్ సీఎస్ఎల్ డీడీ, 5 న్యూటన్ మీటర్లు ఇస్తాయి, మూడున్నర కిలోల పైన. 20 దాటే మోటార్లూ ఉన్నాయి, అంటే పద్నాలుగు కిలోలు. అలాంటిది మీ వయసువాళ్ళకి వద్దు. ఆటలో గోడకి గుద్దినప్పుడు వేళ్ళు మెలిపడే బలం అది. నిజం రేసర్లు కూడా గుద్దుకోవడం తప్పదని తెలియగానే స్టీరింగ్ వదిలేసి చేతులు దగ్గరకి తీసుకుంటారు.

కానీ నన్నడిగితే స్టీరింగ్ కంటే ముందు చూడాల్సింది బ్రేకు పెడల్. ఈ మాట అంగట్లో ఎవరూ చెప్పరు, ఎందుకంటే పెట్టె మీద బొమ్మ స్టీరింగ్‌ది ఉంటుంది. నిజం కారులో బ్రేకు పెడల్ కాస్త దిగి, ఆపైన గట్టిపడుతుంది. బ్రేకు ఎంత పట్టిందన్నది పెడల్ ఎంత దిగిందన్న దాని మీద కంటే కాలు ఎంత బలంగా తొక్కిందన్న దాని మీద ఆధారపడుతుంది. చవక పెడళ్ళు, గేమ్‌ప్యాడ్ ట్రిగ్గర్లు దూరాన్ని కొలుస్తాయి. కాలికి బలం గుర్తుంటుంది కానీ రెండు సెంటీమీటర్లా, రెండుంపావా అన్నది గుర్తుండదు. అందుకని మంచి పెడళ్ళలో లోడ్ సెల్ పెడతారు. కిరాణా కొట్లో డిజిటల్ కాటా లోపల ఉండేది కూడా అదే. లోహపు దిమ్మకి సన్నని తీగ అల్లిన పట్టీ అతికిస్తారు. బరువు పడితే దిమ్మ కంటికి కనపడనంత వంగుతుంది, తీగ సాగి సన్నబడుతుంది, దాని నిరోధం పెరుగుతుంది. ఆ పెరుగుదలే నీ కాలి బలం. రేసులో సమయం ఎక్కువ పోయేదీ, కలిసొచ్చేదీ బ్రేకు దగ్గరే కాబట్టి, డబ్బు కొంతే ఉంటే మామూలు స్టీరింగు, మంచి బ్రేకు పెడలూ కొనమంటాను.

అయితే అలాంటి పెడల్ తొక్కితే ఏమవుతుందో తెలుసా? నీ కుర్చీ కాళ్ళకి చక్రాలున్నాయి. న్యూటన్ మూడో సూత్రం ఊరుకోదు. నువ్వు పెడల్‌ని ముందుకి తోస్తే కుర్చీ వెనక్కి పోతుంది, బ్రేకు వెయ్యాల్సిన చోట నువ్వు మంచం దగ్గరుంటావు. కుర్చీ కాళ్ళకి అడ్డం పెట్టాలి, పెడళ్ళ పలకని వెనక గోడకి ఆనించాలి. స్టీరింగ్ బిగించే టేబుల్ చెక్క ఊగకూడదు, లేకపోతే మోటారు పంపే కబురంతా టేబుల్ తినేస్తుంది. ఇవన్నీ కుదరని ఇంట్లో గేమ్‌ప్యాడే మేలు. మీ అమ్మ అన్నది ఇందుకే సబబన్నాను.

అమ్మలూ, నీకూ ఒక మాట. ఆ స్టిక్కు ముట్టుకోకపోయినా బండి ఎడమకి పోతోందని మొన్న అన్నావు. చాలా స్టిక్కుల కింద కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు ముక్క రాసుకుంటూ స్థానం చెబుతుంది. రాపిడికి పట్టీ అరిగితే నడిమి ఎక్కడో దానికి తెలియదు. ఆటలో డెడ్ జోన్, అంటే స్టిక్కు కదిలినా ఆట పట్టించుకోని నడిమి మేర, కాస్త పెంచితే కొన్నాళ్ళు నడుస్తుంది, కానీ ఆ మేరకి నాజూకు పోతుంది. ఈసారి కొనేటప్పుడు హాల్ ఎఫెక్ట్ స్టిక్కున్నది అడుగు. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సంగతి అది. కరెంటు పారుతున్న పలక దగ్గరికి అయస్కాంతం తెస్తే పలక అంచుల మధ్య చిన్న వోల్టేజి పుడుతుంది. స్టిక్కుకి అయస్కాంతం కట్టి ఆ వోల్టేజిని కొలుస్తారు. ఒకదాన్నొకటి తాకవు కాబట్టి అరుగుదల లేదు. రేసింగ్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇది చవకలో పెద్ద లాభం.

ఈ స్టీరింగ్ కారు నేర్చుకోవడానికి పనికొస్తుందా అని కూడా అడిగావు కదరా. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం, అద్దాలు చూడటం, వీటి వరస అలవాటవుతుంది. కానీ క్లచ్ పట్టుకునే ఆ క్షణంలో నిజం బండి ఒంటిని కదిలిస్తుంది. ఇంటి పెడల్ కింద స్ప్రింగు తప్ప ఏమీ లేదు. దానికి మీ నాన్నతో మైదానానికి పోవాల్సిందే, లైసెన్సు వయసు వచ్చాక.

సరే, నువ్వాడేది ఎక్కువగా అసెట్టో కోర్సా కాబట్టి స్టీరింగ్ వైపే మొగ్గుతాను. నీ కంప్యూటరుకైతే దాదాపు ఏదైనా పనిచేస్తుంది కానీ, ప్లేస్టేషన్‌కి కూడా తగిలించాలంటే పెట్టె మీద ఆ మాట రాసి ఉందో లేదో చూసుకో. జీ29 ప్లేస్టేషన్‌కి, దాని జంట జీ920 ఎక్స్‌బాక్స్‌కి. మాల్‌లో ఆట పెట్టెల మీద కూర్చుని చూసి నిర్ణయించుకోకు, వాటి స్టీరింగ్‌లు తక్కువ తిరిగేలా, అందరికీ సులువయ్యేలా చేసినవి. బిగించిన రోజున నువ్వు ముందుగా చేసే పని నాకు తెలుసు, ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ గీతని 100కి లాగుతావు. బరువుగా ఉంటే నిజంలా ఉంటుందనుకుంటావు. మోటారు ఇవ్వగలిగింది 2 న్యూటన్ మీటర్లే అనుకో. ఆట లెక్కలో టైరు 4 అడిగినా, 3 అడిగినా నీ చేతికి వచ్చేది 2. టైరు పట్టు తప్పబోతూ 4 నుంచి 3కి దిగింది, తేలికయ్యే కబురు బయల్దేరింది, కానీ నీ చేతికి ఏ తేడా అందలేదు. దీన్ని క్లిప్పింగ్ అంటారు. ఆ గీతని తగ్గించు. స్టీరింగ్ తిరుగుడుని నువ్వెక్కిన కారుకి తగ్గట్టు పెట్టు, రోడ్డు కారుకి 900, ఫార్ములా కారుకి 360 దగ్గర. తరవాత ఏదో ఒక పొడుగాటి మలుపు ఎంచుకుని, ఒకే స్పీడులో పోతూ స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా ఎక్కువ తిప్పుతూ పో. ఒక చోట చేతిలో బరువు తగ్గుతుంది, బండి మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అది దొరికేదాకా ఆ గీతని అటూ ఇటూ జరుపు. మీ అక్కని కూడా పక్కన కూర్చోబెట్టుకుని తనతోనూ తిప్పించు.